పాత కారు డ్యాష్‌బోర్డు స్విచ్‌లు, ట్రిమ్ ఇంట్లోనే బాగుచేస్కోవడం ఎలా: మన వైజాగ్ ఉప్పుగాలికి తగ్గట్టు

మారుతి 800, జెన్, ఇండికా, పాత శాంట్రో, మొదట్లో వచ్చిన వ్యాగనార్... మన ఊళ్ళో ఇలాంటి కారు ఎవరి దగ్గరున్నా కంప్లైంట్ దాదాపు ఒకటే. ఇంజన్ బాగానే ఉంటది, బాడీ కూడా పర్లేదు, లోపల కూర్చుంటేనే చిరాకు. పవర్ విండో స్విచ్ గట్టిగా నొక్కిపట్టుకుంటే గానీ అద్దం కదలదు, బ్లోయర్ ఓ రోజు తిరుగుద్ది ఓ రోజు తిరగదు, హజార్డ్ స్విచ్ (ఇండికేటర్లన్నీ ఒకేసారి వెలిగించేది) మీద గుర్తు చెరిగిపోయింటది, ఏసీ వెంట్ రెక్క విరిగి వేలాడుతుంటది. ఎలక్ట్రీషియన్ దగ్గరికెళ్తే స్విచ్ పోయింది సార్ మార్చేద్దాం అంటాడు, మనం సరే అంటాం, ఆ మోడల్ ఆగిపోయి ఏళ్ళవుద్ది కాబట్టి ఒరిజినల్ దొరకదు, లోకల్ ముక్క ఏదో పడుద్ది, అది ఆర్నెల్లు తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తది.

అందుకే ముందే చెప్తున్నా, మన వైజాగ్ లో స్విచ్‌లు చాలావరకు నిజంగా పోవు. లోపల రాగి, వెండి పూత కాంటాక్టుల మీద పొర కడుతుంది అంతే. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, సాగర్ నగర్, రుషికొండ, భీమిలి రోడ్డు, ఇలా సముద్రం దగ్గర రాత్రంతా బయట పార్క్ చేసే కారుకి గాల్లో ఉప్పు, తేమ రెండూ కలిసి లోపలికి చేరతాయి, రాగి పచ్చగా తుప్పు పడుతుంది, వెండి పూత నల్లబడుతుంది. వన్ టౌన్, మల్కాపురం వైపు ఉండేవాళ్ళకి దీనికి తోడు నల్లదుమ్ము. కాబట్టి కొత్త స్విచ్ కొనేముందు పాతది విప్పి కడిగి చూడండి. కరిగిపోయినవి, విరిగిపోయినవి మాత్రమే మార్చండి. ఇంకోటి, ఎందుకు కరిగిందో తెలుసుకోకుండా మారిస్తే కొత్తది కూడా కరుగుద్ది, దాని గురించి కింద వివరంగా రాస్తా.

ముందు సామాన్లు

పెద్ద లిస్టేం కాదు. స్టార్ స్క్రూడ్రైవర్ పెద్దదొకటి చిన్నదొకటి, 10 నంబర్ స్పానర్, సన్నటి నోస్ ప్లేయర్, ట్రిమ్, అంటే లోపలి ఫ్రేములు, ప్యాడ్లు, తీసే ప్లాస్టిక్ పట్టీల సెట్ (ఆన్‌లైన్ లో చవగ్గానే వస్తది, ఇనుప స్క్రూడ్రైవర్ తో గోకితే డ్యాష్‌బోర్డు అంచులన్నీ గాట్లు పడి జన్మంతా కనబడతాయి కాబట్టి ఇది మాత్రం కొనండి), డిజిటల్ మల్టీమీటర్, మాస్కింగ్ టేప్, పాత టూత్ బ్రష్, ఇయర్ బడ్స్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, ఆల్కహాల్ డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగండి. స్క్రూలు, వాటర్ పేపర్, స్ప్రే డబ్బాల్లాంటివి వన్ టౌన్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి.

కాంటాక్ట్ క్లీనర్ అడిగితే కొందరు మామూలు డబ్ల్యూడీ-40 చేతిలో పెడతారు, అది తీస్కోకండి. అది పట్టేసిన బోల్టులకి బాగుంటది గానీ లోపల నూనె పొర మిగుల్తది, ఆ పొర మీద దుమ్ము కూర్చుంటది. అదే కంపెనీది కాంటాక్ట్ క్లీనర్ అని విడిగా ఉంటది, డబ్బా మీద చదివి కొనండి. పెట్రోలు, థిన్నర్ అయితే డ్యాష్‌బోర్డు దగ్గరికి కూడా రానివ్వొద్దు, ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే మెత్తబడి మెరుపు పోయి పాడవుద్ది.

విప్పకముందే కొలవండి

ఇది చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో ఇదే అసలు పని.

మొట్టమొదట ఫ్యూజు. చూపుతో చూసి బాగుందనుకోవద్దు, మీటర్ బీప్ మోడ్ లో (దారి తెగకుండా ఉంటే బీప్ మంటది) పెట్టి రెండు కాళ్ళూ తాకించండి. ఫ్యూజు కాళ్ళకి పచ్చ తుప్పుంటే అదే మీ రోగం కావొచ్చు, తీసి బ్రష్ తో రుద్ది పెట్టండి. తర్వాత ఎర్త్, అంటే కరెంటు కారు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగెళ్ళే దారి. డ్యాష్‌బోర్డు కింద కాళ్ళ దగ్గర బాడీకి బోల్టుతో బిగించిన నల్ల వైర్ల గుత్తి ఉంటది, వానాకాలం కార్పెట్ తడిసి ఆ బోల్టు తుప్పు పడితే ఒక్క స్విచ్ కాదు నాలుగైదు వస్తువులు ఒకేసారి పిచ్చిపిచ్చిగా చేస్తాయి. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ లో గానీ ఆ తర్వాత ఏ తుఫాన్ లోనైనా గానీ నీళ్ళెక్కిన కారు సెకండ్ హ్యాండ్ లో మీ చేతికొచ్చుంటే స్విచ్‌ల జోలికెళ్ళే ముందు కార్పెట్ లేపి ఈ ఎర్త్ బోల్టు చూడండి. బోల్టు విప్పి, కింద రేకు మెరిసేదాకా ఎమ్రీ పేపర్ తో రుద్ది, మళ్ళీ బిగించి పైన కొంచెం గ్రీజు రాస్తే సరి.

ఆ రెండూ బాగుంటే అప్పుడు స్విచ్. మీటర్ ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, స్విచ్ కప్లర్ (వెనక వైర్లున్న ప్లగ్గు) తగిలించే ఉంచి, వెనక నుంచి సన్నగా ఒక పిన్ను కరెంటు లోపలికొచ్చే వైరుకి, ఇంకోటి బయటికెళ్ళే వైరుకి తాకించండి. స్విచ్ ఆన్ చెయ్యండి, బ్లోయరో లైటో నిజంగా తిరుగుతూ వెలుగుతూ ఉండగానే చూడాలి, లోడు లేకుండా చూస్తే లాభం లేదు. 0.2 వోల్టుల లోపు చూపిస్తే స్విచ్ మంచిదే, తప్పు వేరేచోట ఉంది. అర వోల్టు పైన చూపిస్తే కాంటాక్టుల మీద పొరుంది, కడిగితే లేస్తది. దాదాపు 12 చూపిస్తే లోపల అసలు కలవట్లేదు. ఇది ఒక్కటి నేర్చుకుంటే అనవసరంగా స్విచ్ కొనే అవసరం చాలాసార్లు తప్పుద్ది.

మీటర్ లేకుండానే పట్టుకునే గుర్తులు కూడా కొన్ని ఉన్నాయి. బ్లోయర్ ఫుల్ స్పీడు మీద మాత్రమే తిరిగి మిగతా స్పీడులు రాకపోతే అది స్విచ్ కాదు, బ్లోయర్ రెసిస్టర్ (స్పీడు తగ్గించే ముక్క). ఇండికేటర్లు రెండువైపులా చచ్చిపోతే హజార్డ్ స్విచ్ పది పదిహేనుసార్లు గబగబా నొక్కి చూడండి, చాలా పాత కార్లలో ఇండికేటర్ కరెంటు హజార్డ్ స్విచ్ లోంచే వెళ్తది, ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టకపోయేసరికి దాని కాంటాక్టు పొర కట్టేసుంటది. నొక్కితే ఇండికేటర్లు వచ్చాయంటే దోషి దొరికినట్టే. పక్క సీటు అద్దం ఆ డోర్ స్విచ్ తో దిగకపోతే డ్రైవర్ దగ్గరున్న మెయిన్ స్విచ్ కూడా అనుమానించండి, ఎందుకంటే చాలా కార్లలో పక్క డోరు మోటారుకి ఎర్త్ డ్రైవర్ స్విచ్ మీదుగానే వస్తది. అక్కడ పొరుంటే ఇక్కడ అద్దం ఆగుద్ది.

బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్

కొలతలయ్యాక బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసెయ్యండి, 10 నంబర్ స్పానర్ చాలు. కంపెనీ మ్యూజిక్ సిస్టమ్ కోడ్ అడిగే రకమైతే ఆ కోడ్ ముందే రాసి పెట్టుకోండి.

మారుతి 800 లాంటి వాటిల్లో ఎయిర్‌బ్యాగ్ గొడవే లేదు, కొంచెం తర్వాతి కార్లలో టాప్ మోడల్ అయితే ఉండొచ్చు. ఉంటే మాత్రం బ్యాటరీ తీసాక కనీసం పది నిమిషాలు చేతులు పెట్టకుండా ఆగండి, లోపల కెపాసిటర్ లో కరెంటు దిగాలి. పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగున్న వైర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగ్ వి, విప్పొద్దు, మీటర్ తో అస్సలు ముట్టొద్దు, మీటర్ ఇచ్చే చిన్న కరెంటుకి కూడా బ్యాగ్ పేలే ప్రమాదముంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ తీయాల్సిన పనైతే తెలిసినవాళ్ళకి ఒగ్గేయండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

డ్యాష్‌బోర్డు విప్పడం

ఎండలో ఏళ్ళ తరబడి ఉడికిన ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. మే నెలలో బీచ్ రోడ్డు పక్కన అద్దాలు మూసి పార్క్ చేస్తే డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీలు దాటడం మామూలే, అలా ఎన్నో వేసవులు చూసిన క్లిప్పు ఒక్కసారి తప్పు వైపు లాగితే పుటుక్కున విరుగుద్ది. అందుకని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదలెట్టకండి, కారుని ఓ అరగంట ఎండలో పెట్టి, కాస్త వెచ్చబడ్డాక తలుపులు తెరిచి పని మొదలెట్టండి, క్లిప్పులు కొంచెం సాగుతాయి.

పని మొదలెట్టేముందు ప్రతి దశలో ఫోన్ తో ఫొటో. ఏ స్క్రూ ఎక్కడిదో, ఏ వైరు ఏ పక్కనుంచి వెళ్ళిందో. స్క్రూలన్నీ ఒకే గిన్నెలో పోస్తే తిరిగి బిగించేటప్పుడు పొడుగుది పొట్టిదాని చోట్లో దూరి ప్లాస్టిక్ ని చీలుస్తది, కాబట్టి ఒక అట్టముక్క మీద డ్యాష్‌బోర్డు బొమ్మ గీసి ఏ స్క్రూ అక్కడే గుచ్చండి.

ట్రిమ్ పట్టీ దూర్చబోయే చోట చుట్టూ మాస్కింగ్ టేప్ వేస్కోండి. లాగేముందు స్క్రూ దాగుందేమో చూడండి, యాష్ ట్రే తీస్తే దాని వెనక, గేర్ బూట్ కింద, సెంటర్ వెంట్ లోపల, చిన్న ప్లాస్టిక్ మూతల కింద పెట్టుంటారు. బలం పెడుతున్నా రావట్లేదంటే తొంభై శాతం ఎక్కడో స్క్రూ మిగిలుంది, ఆగి టార్చ్ వేసి వెతకండి. ఒక మూల లేచాక వేళ్ళు దూర్చి క్లిప్పు ఉన్న చోటికి దగ్గరగా పట్టుకుని తిన్నగా మీ వైపుకి లాగాలి, దూరంగా పట్టుకుని లాగితే ఫ్రేమ్ మధ్యలో విరుగుద్ది. కప్లర్ ఊడదీసేటప్పుడు లాకు నొక్కి కప్లర్ బాడీ పట్టుకు లాగండి, వైరు పట్టుకు మాత్రం వద్దు.

స్విచ్ విప్పి కడగడం

టేబుల్ మీద తెల్లటి గుడ్డ పరిచి, స్విచ్ ని ఒక పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చేతులు కవర్ లోకి దూర్చి విప్పండి. రాకర్ స్విచ్ లోపల చిన్న స్ప్రింగు, దాని మీద ఇనుప గుండో ప్లాస్టిక్ ముక్కో ఉంటది, పైభాగం లేవగానే అది ఎగిరి ఎక్కడో పడుద్ది, అది పోయిందా స్విచ్ పోయినట్టే. కవర్లో అయితే ఎటూ పోదు.

పైన నొక్కే ముక్క పక్కన రెండు చిన్న చెవులుంటాయి, సన్నటి స్క్రూడ్రైవర్ తో రెండువైపులా కొంచెం కొంచెం తెరుస్తూ లేపాలి. లోపల ఊగే రాగి పలకలు, వాటి కింద కాంటాక్టు బిందువులు కనిపిస్తాయి. నల్లగానో పచ్చగానో ఉంటాయి. ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇయర్ బడ్ తో తుడవండి, బడ్ నల్లగా రావడం ఆగేదాకా. మొండి మచ్చలుంటే స్కూలు పిల్లల పెన్సిల్ రబ్బరు ముక్క కోసి దాంతో రుద్దండి, ఆ తర్వాత మళ్ళీ ఆల్కహాల్ తో తుడవాలి. ఎమ్రీ పేపర్ వేయాలనిపిస్తది గానీ వద్దు, పైనున్న వెండి పూత చాలా పలచన, అది పోయి రాగి బయటపడితే మన ఉప్పుగాలికి మళ్ళీ బేగి తుప్పు పడుతుంది. కాంటాక్టు కాలిపోయి గుంటలు పడిపోయి ఎలాగూ పోయేదే అయితే అప్పుడు 1500 నంబరు వాటర్ పేపర్ ముక్కతో నున్నగా చేసి కొన్నాళ్ళు నెట్టుకురావొచ్చు, ఈలోపు కొత్తది వెతుక్కోవాలి.

కొన్ని స్విచ్‌లలో రాగి పలకల బదులు మెత్తటి రబ్బరు పొర, దాని కింద నల్ల కార్బన్ చుక్కలుంటాయి, టీవీ రిమోట్ లో ఉన్నట్టే. వాటిని ఆల్కహాల్ తడిపిన బడ్ తో మెల్లగా ఒకటి రెండుసార్లు తుడిస్తే చాలు, గట్టిగా రుద్దితే కార్బన్ ఊడిపోద్ది.

పూర్తిగా ఆరాక గ్రీజు. ఇక్కడ అందరూ చేసే పని సిలికాన్ గ్రీజు పూసెయ్యడం. కప్లర్ బయట రబ్బరు సీలుకి అది బ్రహ్మాండంగా పనికొస్తది, నీళ్ళు పోనివ్వదు, మన ఊరికి తప్పకుండా రాయాలి కూడా. కానీ స్విచ్ లోపల నిప్పురవ్వ పుట్టే కాంటాక్టుల మీద సిలికాన్ పెడితే ఆ వేడికి అది మారి గాజులాంటి గట్టి పొర కడుతుంది, దాంట్లోంచి కరెంటు పోదు. కాబట్టి లోపలికి సిలికాన్ లేని కాంటాక్ట్ గ్రీజు అగ్గిపుల్ల కొనంత. వ్యాసలిన్ కూడా వద్దు, డ్యాష్‌బోర్డు వేడికి కరిగి కారిపోతది. బాల్, స్ప్రింగు రుద్దుకునే ప్లాస్టిక్ గాడిలో మాత్రం కొంచెం గ్రీజు పెడితే స్విచ్ నొక్కినప్పుడు కొత్తదానిలా టక్ మంటది.

తిరిగి బిగించాక మీటర్ బీప్ మోడ్ లో పెట్టి ప్రతి పొజిషన్ చూడండి, డ్రైవర్ దగ్గరి మెయిన్ పవర్ విండో స్విచ్ అయితే నొక్కకుండా ఉన్నప్పుడు మోటారుకెళ్ళే రెండు పిన్నులూ ఎర్త్ పిన్నుతో కలిసి ఉండాలి, నొక్కితే ఒకటి మాత్రమే కరెంటు పిన్నుకి మారాలి. అలా లేదంటే లోపల పలక తిరగేసి పెట్టారు, మళ్ళీ విప్పండి.

కరిగిపోయిన స్విచ్: ఎందుకు కరిగిందో చూడకుండా మార్చొద్దు

పవర్ విండో స్విచ్ మాటిమాటికీ కాలుతుందంటే తప్పు ఎక్కువగా అద్దం పట్టే రబ్బరు గాడిది. అది ఎండి ఇసుక దుమ్ము పట్టి అద్దాన్ని బిగిస్తది, మోటారు మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుద్ది, ఆ భారం స్విచ్ మోస్తది. గాడి తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి, అద్దం సర్రున లేచిందంటే స్విచ్ బతికినట్టే.

బ్లోయర్ స్విచ్ కప్లర్ గోధుమరంగుకి మాడిపోతే బ్లోయర్ మోటారు బుష్ ఎండిందా, ఫ్యాన్ లో ఆకులు చిక్కాయా చూడండి. కింద వేపచెట్టో బాదంచెట్టో ఉన్న వీధుల్లో పార్క్ చేసే కార్లకి ఇది మరీ ఎక్కువ. మాడిన కప్లర్ ని అలాగే ఉంచి కొత్త స్విచ్ తగిలిస్తే వదులైన పిన్ను మళ్ళీ వేడెక్కుద్ది, కప్లర్ తోక (పొట్టి వైర్లతో వచ్చే కప్లర్) కూడా మార్చాల్సిందే.

ఇంక హెడ్‌లైట్ ఉన్న కాంబినేషన్ స్విచ్. పాత చిన్న కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే డబ్బా) ఉండదు, కరెంటు మొత్తం స్టీరింగ్ పక్కనున్న ఆ చిన్న పుల్లలోంచే వెళ్తది. హెచ్4 బల్బు 60/55 వాట్లు, డిమ్ మీద రెండూ కలిపి 110 వాట్లు, 12 వోల్టుల మీద 9 ఆంపియర్ల పైన. అదే కష్టంగా మోస్తుంటే వెలుతురు చాల్లేదని 100/90 వాట్ల బల్బులు పెట్టిస్తారు, అప్పుడది 15 ఆంపియర్లకెళ్తది, కాంటాక్టు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుద్ది, డిమ్ డిప్ ఆడదు, రాత్రి ఘాట్ లో ఉన్నట్టుండి లైట్లు పోతాయి. ఇది సరదాగా తీస్కునే విషయం కాదు.

దీనికి మందు రిలే. నాలుగు కాళ్ళ రిలేలు రెండు, డిమ్ కి ఒకటి బ్రైట్ కి ఒకటి. కాలు మీద అంకెలుంటాయి. 30 కి బ్యాటరీ పాజిటివ్ నుంచి మందపాటి వైరు, బ్యాటరీకి దగ్గర్లోనే 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి. 87 నుంచి బల్బుకి. 85 కి ఎర్త్. 86 కి పాత హెడ్‌లైట్ వైరు. ఇంక కాంబినేషన్ స్విచ్ మీద రిలే కాయిల్ లాగే అర ఆంపియర్ లోపు కరెంటే పడుద్ది, స్విచ్ ఎన్నేళ్ళైనా ఉంటది, పైగా వోల్టేజి నష్టం తగ్గి మామూలు 60/55 బల్బులే బాగా వెలుగుతాయి. కొన్ని కార్లలో స్విచ్ ఎర్త్ వైపు ఉంటది, అందుకని ముందు హెడ్‌లైట్ కప్లర్ దగ్గర లైటు ఆన్ చేసి ఏ పిన్నులో 12 వోల్టులు వస్తున్నాయో కొలిచి మొదలెట్టండి. రెడీమేడ్ వైరింగ్ కిట్లు కూడా వస్తాయి, వైర్లు కోయక్కర్లేదు, అవే మంచిది అంటాను.

కాంబినేషన్ స్విచ్ మార్చడానికి ఎయిర్‌బ్యాగ్ లేని స్టీరింగ్ తీయాల్సొస్తే చక్రాలు తిన్నగా పెట్టి, రాడ్డు మీద, స్టీరింగ్ మీద కలిసేలా ఒక మార్కర్ గీత గీయండి. మధ్యలో నట్టు వదులు చేయండి గానీ పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు ఉంచి స్టీరింగ్ ని రెండు చేతులతో ఊపుతూ లాగండి. నట్టు పూర్తిగా తీసి లాగితే అది ఒక్కసారిగా ఊడి మొహానికి తగుల్తది.

కొత్తదో సెకండ్సో కొనాల్సొస్తే

పాత స్విచ్ చేతిలో పట్టుకునే వెళ్ళండి, ఫొటో చాలదు. గాజువాక ఆటోనగర్ లో అడుగుతూ తిరిగితే స్పేర్ పార్ట్స్ షాపుల్లోనో, పాత బళ్ళు విప్పే చోట్లోనో దొరికే అవకాశం ఎక్కువ. "అన్నా, వెనక పిన్నులు ఇలాగే ఉన్నది ఉందా" అని వెనక వైపు చూపించి అడగండి, ముందు వైపు ఒకేలా కనిపించి వెనక పిన్నుల వరస తేడా ఉన్నవి చాలా ఉంటాయి. సెకండ్స్ ముక్క అయితే పిన్నుల మీద పచ్చదనం, ప్లాస్టిక్ మీద గోధుమ మచ్చ, ముక్కుకి కాలిన వాసన, ఈ మూడూ చూస్కోండి. మీటర్ తీసుకెళ్ళి అక్కడే బీప్ కొట్టి చూస్తే ఎవరూ ఏమనుకోరు. పొర కట్టిన ఒరిజినల్ సెకండ్స్ ముక్క తెచ్చి కడుక్కున్నా అది కొత్త లోకల్ ముక్క కంటే ఎక్కువకాలం వస్తదని నా నమ్మకం, ఒరిజినల్ లో రాగి మందం వేరు.

డ్యాష్‌బోర్డు ఎలాగూ విప్పారు కాబట్టి స్విచ్ వెనకుండే చిన్న బల్బులు కూడా చూడండి. ఎల్ఈడీ పెడితే వేడి తక్కువ, కానీ వెలక్కపోతే పాడైందని పారేయకండి, తిప్పి పెట్టండి, ఎల్ఈడీకి ప్లస్ మైనస్ ఉంటది.

ట్రిమ్: జిగురు, విరుగుళ్ళు, వెంట్లు

కొన్ని కార్లలో, ముఖ్యంగా స్కోడా, ఫియట్ లాంటి వాటిల్లో, స్విచ్‌ల మీద డోర్ హ్యాండిల్ మీద మెత్తటి పూత ఉంటది, మన తేమకి అది కొన్నేళ్ళకి జిగురుగా మారి వేళ్ళకంటుద్ది. అది మురికి కాదు, ఆ పాలియురెథేన్ పూత గాల్లో తేమతో కలిసి విరిగిపోతుంది. ఎంత సబ్బు పెట్టినా పోదు, పౌడర్ జల్లినా రెండ్రోజులే. గుడ్డ ఆల్కహాల్ లో ముంచి ఓపిగ్గా తుడిచి పూత మొత్తం తీసేయడమే దారి. కింద మామూలు గట్టి ప్లాస్టిక్ వస్తది, అదే నయం. కాకపోతే గుర్తులు ఆ పూత మీదే ముద్రించి ఉంటే అవీ పోతాయి, ముందు ఓ మూల రుద్ది చూసి మొదలెట్టండి, పోతాయంటే గుర్తు చుట్టూ వదిలి తుడవండి. చెక్కిన గుర్తులు చెరిగితే తెల్ల యాక్రిలిక్ పెయింట్ ఆ గాట్లలో రుద్ది, ఆరకముందే పైపైన తడి గుడ్డతో తుడిస్తే గాట్లో రంగు మిగుల్తది.

విరిగిన చెవులు, క్లిప్పులు అతికించే ముందు ఆ ముక్క వెనక్కి తిప్పి చూడండి, ఏబీఎస్, పీపీ (పాలీప్రొపిలీన్) అని ఏ రకం ప్లాస్టికో చిన్న ఇంగ్లీషు అక్షరాలు అచ్చేసి ఉంటాయి. ఏబీఎస్ అయితే పని సులువు, ఫెవిక్విక్ చుక్క వేసి దాని మీద వంటసోడా చిటికెడు జల్లితే క్షణంలో రాయైపోద్ది, పొరలు పొరలుగా పెంచి తర్వాత ఆకురాయితో రూపం తెచ్చుకోవచ్చు. పొగ కళ్ళు మండిస్తది, బయట గాల్లో కూర్చుని చేయండి. ఎక్కువ బలం పడే చోటైతే అరల్డైట్ లో సన్నటి జాలీ ముక్క పెట్టి వెనకవైపు అతికించండి, ఒక రాత్రి కదపొద్దు. పీపీ అయితే ఇవేవీ అంటవు, నూనె రాసినట్టు ఊడొచ్చేస్తాయి. దానికి సోల్డరింగ్ ఐరన్ తో పాత స్టేపుల్ పిన్నుల్ని వేడిచేసి చీలికకి అడ్డంగా వెనకవైపు దిగేసి, పైన అదే రకం ప్లాస్టిక్ కరిగించి పూడ్చాలి.

ఏసీ వెంట్ రెక్కల చివర సన్నటి కాడ విరుగుద్ది, రెక్క బాగానే ఉంటది. ఒక మిల్లీమీటర్ స్టీలు తీగ, జెమ్ క్లిప్ విప్పి తీసినది కూడా చాలు, కొన వేడిచేసి రెక్క చివర్లో తిన్నగా దిగేసి చల్లారాక సైజుకి కత్తిరించండి. ఏసీ వేస్తే నల్లటి నురుగు పొడి మొహం మీద పడుతుంటే అది లోపల గాలి తలుపుల మీద అంటించిన ఫోమ్ చితికిపోయి వస్తున్నది, డ్యాష్‌బోర్డు పూర్తిగా విప్పిన రోజునే దాన్ని గీకేసి కొత్త ఫోమ్ అంటించేయండి, ఆ ఒక్క పనికోసం మళ్ళీ అంతా విప్పడం పెద్ద శ్రమ.

డోర్ ప్యాడ్ రెక్సిన్, గుడ్డ ఊడి వేలాడితే పాత జిగురు, పొడి ఫోమ్ మొత్తం బ్రష్ తో దులిపాకే ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి కాంటాక్ట్ గ్లూ రెండువైపులా పలచగా రాసి, చేతికి అంటనంత ఆరాక అతికించండి. తడిగా ఉండగా అంటిస్తే బుడగలు లేస్తాయి.

మీటర్ బోర్డు మీద పారదర్శకమైన మూత చాలావరకు యాక్రిలిక్. దానికి ఆల్కహాల్ తగలనివ్వొద్దు, సన్నటి వెంట్రుకల్లాంటి చీలికలు పడతాయి. సబ్బునీళ్ళు, మెత్తటి నూలుగుడ్డ, గీతలుంటే ప్లాస్టిక్ పాలిష్. అంతే.

రంగు వేయాలంటే

రంగు వెలిసిన సెంటర్ ఫ్రేమ్ కి సాటిన్ బ్లాక్ స్ప్రే చాలా అందంగా కుదురుద్ది, కానీ మన ఊళ్ళో ఎప్పుడు వేస్తామన్నది ముఖ్యం. వానాకాలం, ఉక్కపోత రోజుల్లో వేస్తే గాల్లో తేమ రంగు మీద దిగి తెల్లగా మబ్బు పట్టినట్టొస్తది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి, మంచు విడిచాక పదింటి తర్వాత, గాలి తోలని చోట. సముద్రం ఎదురుగా మేడ మీద మాత్రం వద్దు.

డ్యాష్‌బోర్డుకి ఏళ్ళుగా మెరుపు పాలిష్ కొట్టి ఉంటే ఆ సిలికాన్ మీద రంగు నిలవదు, చేపకళ్ళలాంటి గుంటలు పడతాయి. ముందు గిన్నెలు తోమే లిక్విడ్ తో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, ఆల్కహాల్ తో తుడిచి, 600 నంబరు వాటర్ పేపర్ తో మెరుపు పోయేదాకా రుద్ది, మళ్ళీ తుడిచి, ప్లాస్టిక్ ప్రైమర్, పీపీ అయితే దానికోసమే ఉండే అడ్హెషన్ ప్రమోటర్ తప్పనిసరి. తర్వాత రంగు మూడు పలచటి పొరలు, ఒక్కో పొరకి మధ్య పదిహేను నిమిషాలు. ఒకేసారి దట్టంగా కొడితే కారుద్ది. ఒకరోజు పూర్తిగా ఒదిలేసి బిగించండి.

పైభాగం పగిలిన డ్యాష్‌బోర్డుకి మాత్రం పుట్టీ పెట్టి రంగేస్తే ఒక్క వేసవి దాటదు, ఎండకి సాగి చల్లారితే ముడుచుకుంటది కదా, గట్టి పుట్టీ మళ్ళీ అక్కడే చీలుద్ది. మంచి దర్జీ పనివాడితో రెక్సిన్ కుట్టించి వేయించుకోవడమో, కవర్ వేస్కోవడమో నయం. ఇంక ముందద్దానికి సన్‌షేడ్ వాడటం మొదలెట్టండి.

తిరిగి బిగించడం

అన్నీ బిగించేశాక బ్యాటరీ పెట్టడం కాదు, కప్లర్లు తగిలించగానే ఫ్రేమ్ లు వదులుగా ఉండగానే బ్యాటరీ పెట్టి ఒక్కొక్క స్విచ్ నొక్కి చూడండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే దాని కప్లర్లు ఏవీ ఊడి లేవని చూసుకున్నాకే కీ తిప్పాలి. అంతా పనిచేశాక మళ్ళీ నెగెటివ్ తీసి, క్లిప్పులు ఒక్కోటి ఎదురుగా అరచేత్తో నొక్కి టక్ మనేదాకా, స్క్రూలు ముందు అన్నీ వేళ్ళతో తిప్పి, తర్వాత బిగింపు. ప్లాస్టిక్ లో స్క్రూ మళ్ళీ పెట్టేటప్పుడు మొదట ఎడమవైపుకి తిప్పితే ఒకచోట చిన్నగా పడినట్టు తెలుస్తది, అక్కణ్ణుంచి కుడివైపుకి తిప్పండి, పాత మరలోనే వెళ్తది, కొత్త మర పడి గుంట వదులవ్వదు.

ఆటో అప్ ఉన్న అద్దాలు బ్యాటరీ తీశాక ఆటోగా లేవకపోతే భయపడొద్దు, చాలా కార్లలో అద్దం పూర్తిగా పైకి లేపి స్విచ్ ని కొన్ని సెకన్లు పైకే పట్టి ఉంచితే మళ్ళీ నేర్చుకుంటది, మీ కారు మాన్యువల్ లో పద్ధతి ఉంటది. తీసేసిన పాత స్విచ్ ఉంటే పారేయకండి, లోపలి స్ప్రింగు, బాల్, చెవులు బాగుంటే ఒక చిన్న డబ్బాలో వేసి మీద కారు మోడల్, సంవత్సరం రాసి పెట్టుకోండి, ఆ ముక్కలు షాపులో విడిగా ఎవరూ అమ్మరు.